అప్‌డేట్ తర్వాత లినక్స్ లేవకపోతే: టైమ్‌షిఫ్ట్ ఎంతవరకు ఆదుకుంటుంది?

నిన్నటిదాకా నిక్షేపంలా నడిచిన సిస్టమ్. అప్‌డేట్ వచ్చింది, ఎక్కింది, రీబూట్ అడిగింది. ఆ తర్వాత నల్లటి తెర, ఎడమ మూలన మినుకుమినుకుమనే గీత, అంతే. డెస్క్‌టాప్ మీద లినక్స్ వాడేవాళ్లు దీనికి మందుగా ముందు చెప్పే పేరు టైమ్‌షిఫ్ట్. సిస్టమ్ బాగున్నప్పుడే దాని కాపీలు (స్నాప్‌షాట్లు) తీసి ఉంచి, చెడినప్పుడు ఆ స్థితిని వెనక్కి తెచ్చే (రిస్టోర్ చేసే) సాఫ్ట్‌వేర్ ఇది. "పాత స్నాప్‌షాట్‌కు వెళ్లిపో, పది నిమిషాల పని" అంటారు. అందులో సగం నిజం. స్నాప్‌షాట్లు ఎక్కడ పెట్టారు, వాటిలో ఏం పడింది, ఏం పడలేదు, రిస్టోర్ నొక్కేముందు రోగమేమిటో చూశారా లేదా అన్నదాని మీద మిగతా సగం ఆధారపడి ఉంటుంది. ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేర్ ప్రతి డెస్క్‌టాప్‌లో ఉండదగ్గదే. కానీ విజార్డ్‌లో 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోయి ఇక భయం లేదనుకున్నవాళ్లకు అవసరం పడ్డ రోజునే ఇది హ్యాండిస్తుంది.

కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులోనే ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లిష్ స్మాల్ లెటర్లలో టైప్ చేసుకోవాలి.

రెండు పద్ధతులు, రెండు రకాల చిక్కులు

టైమ్‌షిఫ్ట్‌ను మొదట రాసింది టోనీ జార్జ్. 2017 నవంబరులో వచ్చిన లినక్స్ మింట్ 18.3 దీన్ని తన డిస్ట్రోలో (లినక్స్ రకంలో) భాగం చేసింది. 2022 నుంచి నిర్వహణ కూడా మింట్ బృందానిదే. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఆర్చ్ డిస్ట్రోల రిపాజిటరీల్లో (సాఫ్ట్‌వేర్ నిల్వల్లో) కూడా దొరుకుతుంది.

మొదటిది ఆర్‌సింక్ పద్ధతి. తొలి స్నాప్‌షాట్‌లో సిస్టమ్ ఫైళ్లన్నిటినీ పూర్తిగా కాపీ చేస్తుంది. రెండోదాని నుంచి, మారిన ఫైళ్లను మాత్రమే కొత్తగా రాసి, మారనివాటికి పాత కాపీ మీదే హార్డ్ లింక్ (అదే ఫైలుకు మరో పేరు) వేస్తుంది. అందుకే ప్రతి తేదీ ఫోల్డర్ తెరిచి చూస్తే మొత్తం సిస్టమ్ ఉన్నట్టే కనిపిస్తుంది, డిస్క్‌లో పట్టే చోటు మాత్రం తేడాకు సరిపడా ఉంటుంది. ఈ హార్డ్ లింకుల వల్ల గుర్తుపెట్టుకోవాల్సినవి మూడున్నాయి. స్నాప్‌షాట్లు పెట్టే పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫైల్ సిస్టమ్‌లోనే ఉండాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ పనికిరాదు. పాత స్నాప్‌షాట్ ఒకటి తీసేస్తే అనుకున్నంత జాగా రాదు, ఎందుకంటే దానికి మాత్రమే చెందిన ఫైళ్లే నిజంగా పోతాయి. అన్నిటికంటే ముఖ్యం మూడోది: స్నాప్‌షాట్ లోపలి ఫైలును రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేయకూడదు. అదే ఫైలు పది స్నాప్‌షాట్లలో పది పేర్లతో ఉండొచ్చు. ఒకచోట మారిస్తే పదిచోట్లా మారుతుంది. కావాలంటే బయటికి కాపీ చేసుకుని చూడండి.

రెండోది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పద్ధతి, డిస్క్‌ను ఆ పేరుగల ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసినవాళ్లకు. ఇందులో కాపీ చేయడమే ఉండదు. ఫైల్ సిస్టమే ఆ క్షణపు స్థితిని పట్టి ఉంచుతుంది కాబట్టి స్నాప్‌షాట్ ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. వెనక్కి వెళ్లడం కూడా అంతే వేగం, ఒక రీబూట్ చాలు. పైగా రిస్టోర్ చేసే ముందు చెడిపోయిన సిస్టమ్‌ను కూడా ఒక స్నాప్‌షాట్‌గా దాచి ఉంచుతుంది, రిస్టోర్ తప్పు నిర్ణయమైతే తిరిగి రావచ్చు. ఆర్‌సింక్‌లో ఈ సదుపాయం లేదు. వేగం చూస్తే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌దే పైచేయి. కానీ ఇది మామూలుగా సబ్‌వాల్యూమ్‌ల (ఫైల్ సిస్టమ్ లోపలి విభాగాల) పేర్లు ఉబుంటు తరహాలో, రూట్‌కు (సిస్టమ్ ఉండే '/'కు) '@', హోమ్‌కు (యూజర్ల సొంత ఫైళ్లుండే చోటుకు) '@హోమ్' అని ఉంటాయనుకుని నడుస్తుంది. ఫెడోరా ఇన్‌స్టాలర్ వాటికి 'రూట్', 'హోమ్' అని పేర్లు పెడుతుంది కాబట్టి అక్కడ ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోకపోవచ్చు. స్నాప్‌షాట్లు కూడా అదే డిస్క్‌లో ఉంటాయి. డిస్క్ పోతే సిస్టమ్‌తోపాటు అవీ పోతాయి.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ సెట్టింగుల్లో క్యూగ్రూప్స్ అని ఒక టిక్ కనిపిస్తే తీసేయడమే మంచిది. ఒక్కో స్నాప్‌షాట్ ఎంత చోటు తింటోందో చూపించడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. బదులుగా స్నాప్‌షాట్లు తొలగించేటప్పుడు సిస్టమ్ కొన్ని క్షణాలపాటు, ఒక్కోసారి నిమిషాలపాటు బిగుసుకుపోతుంది. ఇదివరకే ఆన్ అయి ఉంటే 'సుడో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కోటా డిసేబుల్ /' అంటే ఆగుతుంది.

పెట్టే రోజునే జరిగే తప్పులు

ఆర్‌సింక్‌లో విజార్డ్ అడిగే మొదటి ప్రశ్న స్నాప్‌షాట్లు ఎక్కడ పెట్టాలని. చాలామంది కనిపించిన రూట్ పార్టిషన్‌నే ఎంచుకుంటారు. రూట్‌కు 30, 40 జీబీ కేటాయించి హోమ్‌ను వేరుగా పెట్టుకున్న సిస్టమ్‌లో ఇది కొరివితో తల గోక్కోవడమే. తొలి స్నాప్‌షాటే సిస్టమ్ అంత ఉంటుంది. నాలుగు పెద్ద అప్‌డేట్లు తిరిగేసరికి రూట్ నిండి, తర్వాతి అప్‌డేట్ మధ్యలో జాగా లేక తెగిపోతుంది. అప్‌డేట్ నుంచి కాపాడాల్సినదే అప్‌డేట్‌ను చెడగొట్టినట్టవుతుంది. రూట్‌లో ప్రస్తుతం వాడుతున్న జాగాకు కనీసం రెండింతలున్న వేరే పార్టిషన్ ఇవ్వండి. అది వేరే డిస్క్ అయితే మరీ మంచిది.

తర్వాత షెడ్యూల్. నెల, వారం, రోజు, గంట, బూట్ అని ఐదు స్థాయిలున్నాయి. మామూలు డెస్క్‌టాప్‌కు రోజువారీ మూడు, వారానివి రెండు చాలు. గంటకొకటి అక్కర్లేదు. బూట్ స్నాప్‌షాట్ సిస్టమ్ లేచిన పది నిమిషాలకు గానీ మొదలవ్వదని గమనించండి. లేవగానే అప్‌డేట్ చేసేవాళ్లకు అది అక్కరకు రాదు, సగం అప్‌డేట్‌ను పట్టుకునే ప్రమాదం కూడా ఉంది. షెడ్యూలంతా క్రాన్ (వేళకు పనులు నడిపే సర్వీస్) మీద నడుస్తుంది. ఆర్చ్‌లో క్రానీ సర్వీస్‌ను విడిగా ఎనేబుల్ చేయకపోతే తెర మీద టిక్కులన్నీ ఉంటాయి, స్నాప్‌షాట్లు మాత్రం పడవు. ఈ సంగతి దీని విండో గట్టిగా హెచ్చరించకపోవడం పెద్ద లోపం. పెట్టిన రెండు రోజుల తర్వాత 'సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్' కొట్టి నిజంగా పడుతున్నాయో లేదో చూడాల్సింది మనమే.

షెడ్యూల్‌ను నమ్ముకోవడం కంటే పెద్ద అప్‌డేట్‌కు ముందు చేత్తో ఒకటి తీసుకోవడం నయం: 'సుడో టైమ్‌షిఫ్ట్ --క్రియేట్ --కామెంట్స్' అని, కోట్స్‌లో గుర్తుండే మాట ఒకటి రాయండి. ఇలా తీసినవాటికి 'ఓ' అన్న ట్యాగ్ పడుతుంది. షెడ్యూల్ లెక్కలో పాతవాటిని ఏరేసేటప్పుడు వీటి జోలికి రాదు. కాబట్టి పని అయ్యాక తీసేసే బాధ్యత కూడా మనదే. ఆర్చ్ వాళ్లకు ప్రతి ప్యాక్‌మన్ (అక్కడి ప్యాకేజీ మేనేజర్) అప్‌గ్రేడ్‌కు ముందు దానంతటదే తీసే టైమ్‌షిఫ్ట్-ఆటోస్నాప్ ఉంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో అది హాయి, ఆర్‌సింక్‌లో చిన్న ప్యాకేజీకి కూడా నిమిషాల నిరీక్షణ.

ఫిల్టర్లు చూడకుండా వదలొద్దు. వర్చువల్ మెషీన్ల డిస్కులుండే /వార్/లిబ్/లిబ్‌వర్ట్/ఇమేజెస్ ఫోల్డర్‌ను మినహాయించండి. నలభై జీబీ ఇమేజ్‌లో ఒక్క బిట్ మారినా ఆర్‌సింక్ పద్ధతి మొత్తం నలభై జీబీని మళ్లీ రాస్తుంది. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ నడిపేవాళ్లు వాటి డేటా ఫోల్డర్లను కూడా తప్పించాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను అలా కాపీ చేస్తే పొంతన కుదరదు, పైగా రిస్టోర్ చేస్తే నిన్నటి ఎంట్రీలు నేడు మాయమవుతాయి. డేటాబేస్‌కు డంప్ (డేటా మొత్తాన్ని ఫైలుగా రాసిన కాపీ) విడిగా తీసుకోవడమే దారి. ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు ఎక్కువగా ఉన్నవాళ్లకు /వార్/లిబ్/ఫ్లాట్‌ప్యాక్ కూడా చాలా చోటు తింటుంది. దాన్ని కూడా మినహాయిస్తే నష్టమేమీ లేదు, యాప్‌లను మళ్లీ దించుకోవచ్చు.

హోమ్ ఫోల్డర్ మామూలుగా మినహాయింపులోనే ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. యూజర్స్ ట్యాబ్‌లో దాగిన ఫైళ్లను మాత్రమే చేర్చే ఆప్షన్ ఉంది. చూడ్డానికి తెలివైనదిలా అనిపిస్తుంది. రిస్టోర్ చేశాక బ్రౌజర్ ప్రొఫైల్, థండర్‌బర్డ్ మెయిల్, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు అన్నీ పాత తేదీకి వెళ్లినప్పుడు తెలుస్తుంది దాని తెలివి. ఫొటోలు, డాక్యుమెంట్ల బ్యాకప్ ఈ సాఫ్ట్‌వేర్ పని కాదు. దాని విజార్డే ఆ మాట చెబుతుంది కూడా.

నొక్కేముందు ఐదు నిమిషాలు

అప్‌డేట్ తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావాటికి రిస్టోర్ అక్కర్లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ముందు పాత కర్నెల్‌తో (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌తో) బూట్ చేయండి. సిస్టమ్ లేచేటప్పుడు, కొత్త తరహా ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ అయితే ఎస్కేప్, పాత బయోస్ అయితే షిఫ్ట్ నొక్కితే గ్రబ్ (సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్) మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కర్నెల్ ఉంటుంది. ఉబుంటు, మింట్, డెబియన్ పాతదాన్ని ఉంచుతాయి. ఫెడోరా మామూలుగా మూడింటిని ఉంచుతుంది. ఆర్చ్‌లో పాతది ఉండదు, అక్కడ ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతున్న) కర్నెల్‌ను పక్కన ఇన్‌స్టాల్ చేసి పెట్టుకోవడమే బీమా. పాత కర్నెల్‌తో అంతా బాగుంటే తప్పు కొత్త కర్నెల్‌దో, దానికి కట్టాల్సిన డ్రైవర్‌దో. మిగతా నాలుగు వందల ప్యాకేజీలను వెనక్కి తిప్పాల్సిన పని లేదు.

లోపలికి వచ్చాక రెండు చోట్ల చూడండి. 'జర్నల్‌సీటీఎల్ -బి -1 -పి 3' అంటే దీనికి ముందు బూట్‌లో, అంటే చెడిన బూట్‌లో వచ్చిన ఎర్రర్లు మాత్రమే కనిపిస్తాయి. రెండోది అప్‌డేట్ చిట్టా: డెబియన్ కుటుంబంలో (ఉబుంటు, మింట్ కూడా ఇందులోవే) /వార్/లాగ్/ఏపీటీ/హిస్టరీ.లాగ్, ఆర్చ్‌లో /వార్/లాగ్/ప్యాక్‌మన్.లాగ్, ఫెడోరాలో 'డీఎన్‌ఎఫ్ హిస్టరీ'. ఏం మారిందో, ఏం ఏడుస్తోందో పక్కపక్కన పెడితే జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ఎన్విడియా కార్డు ఉన్న సిస్టమ్‌లో నల్ల తెరను కాస్త దగ్గరగా చూద్దాం. డ్రైవర్ మాడ్యూల్ ప్రతి కొత్త కర్నెల్‌కూ విడిగా తయారు కావాలి. చాలా సిస్టమ్‌లలో ఆ పని డీకేఎంఎస్‌ది. 'డీకేఎంఎస్ స్టేటస్' కొట్టండి. పాత కర్నెల్ పేరు పక్కన 'ఇన్‌స్టాల్డ్' అని ఉండి, కొత్తదాని పేరే లేకపోతే కొత్త కర్నెల్ హెడర్స్ ప్యాకేజీ రాలేదని అర్థం. అది ఇన్‌స్టాల్ చేసి, 'సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ -కె' అని పక్కన కొత్త కర్నెల్ పేరు ఇస్తే సరి. హెడర్స్ ఉన్నా తయారు కాకపోతే /వార్/లిబ్/డీకేఎంఎస్ కింద ఆ డ్రైవర్ ఫోల్డర్‌లో మేక్.లాగ్ ఉంటుంది, మొదటి 'ఎర్రర్' అన్న లైను చదవండి, చివరిది కాదు. మాడ్యూల్ తయారై కూడా ఎక్కకపోతే, 'సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా' అన్నప్పుడు 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంటే అది సెక్యూర్ బూట్ గొడవ. మాడ్యూల్ మీద వేసిన సంతకం తాలూకు తాళం ఫర్మ్‌వేర్‌కు తెలియదు. 'మాక్‌యుటిల్ --ఇంపోర్ట్'తో ఆ తాళాన్ని నమోదు చేసి, రీబూట్‌లో వచ్చే నీలి తెర మీద ఒప్పుకోవాలి. ఇక లాగ్‌లో 'ఏపీఐ మిస్‌మ్యాచ్' అని కనిపిస్తే డ్రైవర్ లైబ్రరీలు కొత్తవి, మెమరీలో ఉన్న మాడ్యూల్ పాతది. రీబూట్ ఒక్కటే చాలు; అది చేయకుండా రిస్టోర్ వైపు పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. పాత కర్నెల్ లేక తెరే రాకపోతే గ్రబ్‌లో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' చేర్చి, కంట్రోల్-ఎక్స్‌తో బూట్ చేస్తే ఈ పనులకు సరిపడా తెర వస్తుంది.

కర్నెల్ ప్యానిక్ వచ్చి, 'అన్‌నోన్-బ్లాక్(0,0)' అన్న మాట కనిపిస్తే ఎక్కువసార్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (కర్నెల్ లేచేటప్పుడు వాడుకునే చిన్న బూట్ ఇమేజ్) తయారు కాలేదని అర్థం. దాని వెనక తరచూ ఉండేది నిండిపోయిన /బూట్ పార్టిషన్. పాత కర్నెల్‌తో లేచి 'డీఎఫ్ -హెచ్ /బూట్' చూడండి. నిండి ఉంటే 'సుడో ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్', తర్వాత 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ', ఆపైన 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్'. ఈ వరుసలోనే చేయండి. మొదట జాగా, తర్వాత సగంలో ఆగిన ప్యాకేజీలు, చివర బూట్ ఇమేజ్. ఇక్కడ టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి వెళ్లినా రోగం తిరగబెడుతుంది, తర్వాతి కర్నెల్ అప్‌డేట్‌కు జాగా మళ్లీ చాలదు.

పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ తెరకే వస్తుంటే హోమ్‌లో తప్పు వెతకాలి: డిస్క్ నిండిందా, ఎక్స్ (పాత డిస్‌ప్లే పద్ధతి) సెషన్ అయితే డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరు మీదికి వెళ్లిందా. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 తో టీటీవైకి (అక్షరాలు మాత్రమే ఉండే టెర్మినల్ తెరకు) వెళ్లి చూడొచ్చు. టైమ్‌షిఫ్ట్ హోమ్‌ను ముట్టుకోదు కనుక ఇలాంటిచోట రిస్టోర్ వృథా ప్రయాస. సౌండ్ పోయిందన్నా ఇదే సంగతి. సౌండ్‌ను నడిపించే వైర్‌ప్లంబర్ 0.5 తో దాని కాన్ఫిగరేషన్ లువా ఫైళ్ల నుంచి వేరే రూపానికి మారింది. హోమ్‌లో చేత్తో రాసుకున్న పాత లువా ఫైళ్లను అది పట్టించుకోదు, వాటిని కొత్త పద్ధతిలో తిరిగి రాసుకోవాల్సిందే.

మరి రిస్టోర్ ఎప్పుడు? ఒక్క దోషి దొరకనప్పుడు. మీసా, కంపోజిటర్, సిస్టమ్‌డీ, గ్లిబ్‌సీ లాంటి మూల భాగాలన్నీ ఒకేసారి మారి, ఏది విప్పితే ఏది తెగుతుందో తెలియనప్పుడు. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి ప్యాకేజీ డేటాబేసే చెదిరినప్పుడు. లేదా రోగం తెలిసినా, గంటలో పని అప్పగించాల్సి ఉన్నప్పుడు. ఇలాంటి చోట టైమ్‌షిఫ్ట్‌కు సాటి వచ్చేది తక్కువ.

రిస్టోర్ చేసే తీరు

డెస్క్‌టాప్ వస్తుంటే విండోలోనే స్నాప్‌షాట్ ఎంచుకుని రిస్టోర్ నొక్కొచ్చు. ఏయే ఫైళ్లు మారతాయో, పోతాయో ముందే పట్టికగా చూపిస్తుంది. ఆ పట్టికను తీరిగ్గా చదవండి, ఈ సాఫ్ట్‌వేర్‌లో బాగా ఆలోచించి పెట్టిన భాగం అదే. ఆర్‌సింక్‌లో వీలైతే ముందు ఇప్పటి స్థితిని కూడా ఒక స్నాప్‌షాట్ తీయండి.

డెస్క్‌టాప్ రాకపోతే టీటీవైలో లాగిన్ అయి 'సుడో టైమ్‌షిఫ్ట్ --రిస్టోర్'. వరుస సంఖ్యలతో స్నాప్‌షాట్ల జాబితా వస్తుంది, అంకె కొట్టాలి. తర్వాత రూట్ ఏ పార్టిషనో అడుగుతుంది; సాధారణంగా సరైనదే చూపిస్తుంది, ఎంటర్ చాలు. గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అన్నప్పుడు 'వై' అని, పరికరం అడిగితే మొత్తం డిస్క్‌ను ఇవ్వాలి, పార్టిషన్‌ను కాదు. ఆర్‌సింక్ నడుస్తున్నంతసేపూ తెర నిండా ఫైళ్ల పేర్లు పరుగెత్తుతాయి, చివర దానంతటదే రీబూట్ అవుతుంది. మధ్యలో పవర్ బటన్ మీద చేయి వేయొద్దు. సగంలో ఆగిన రిస్టోర్ సగంలో ఆగిన అప్‌డేట్ కంటే అధ్వానం.

టీటీవై కూడా రాకపోతే లైవ్ యూఎస్‌బీ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్). మింట్ లైవ్‌లో టైమ్‌షిఫ్ట్ ముందే ఉంటుంది, ఉబుంటు లైవ్‌లో ఏపీటీతో దించుకోవాలి. తెరవగానే విజార్డ్ వస్తుంది, స్నాప్‌షాట్లున్న పార్టిషన్‌ను చూపిస్తే జాబితా ప్రత్యక్షమవుతుంది. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ అయితే ముందు ఫైల్ మేనేజర్‌లో దాని మీద నొక్కి పాస్‌ఫ్రేజ్ ఇచ్చి తెరవండి. తర్వాత రిస్టోర్‌లో /, /బూట్, /బూట్/ఈఎఫ్ఐ ఒక్కోటి ఏ పార్టిషనో చెప్పాలి. తొందరలో తప్పుడు పార్టిషన్ ఎంచుకుంటే దాని మీద ఉన్నదంతా చెరిగిపోతుంది. 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' పక్క టెర్మినల్‌లో తెరిచి, సైజులూ లేబుళ్లూ పోల్చుకుని మరీ చూపించండి.

మొత్తం రిస్టోర్ అక్కర్లేని సందర్భాల కోసం చాలామందికి తెలియని వాడకం ఒకటుంది. ఆర్‌సింక్ స్నాప్‌షాట్లు మామూలు ఫోల్డర్లే. బ్రౌజ్ బటన్ నొక్కి, తేదీ ఫోల్డర్‌లో లోకల్‌హోస్ట్ లోపలికి వెళ్తే పాత సిస్టమ్ మొత్తం కళ్లముందుంటుంది. అప్‌డేట్‌లో కాన్ఫిగ్ ఫైలు కొత్తదానితో మార్చేశారనుకోండి, ఉదాహరణకు /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్. అక్కడి నుంచి 'సుడో సీపీ -ఏ'తో ఆ ఒక్క ఫైలునే తెచ్చుకుని 'సుడో అప్‌డేట్-గ్రబ్' చేస్తే పని అయిపోతుంది.

చేతులెత్తేసే చోట్లు

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బతీసేది విడి /బూట్‌తో బీటీఆర్‌ఎఫ్‌ఎస్. డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఉన్న సిస్టమ్‌లలో /బూట్ తరచూ వేరే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌లో ఉంటుంది. ఆర్చ్‌లో గ్రబ్ బదులు సిస్టమ్‌డీ-బూట్ వాడేవాళ్లకు ఈఎఫ్ఐ పార్టిషనే /బూట్. స్నాప్‌షాట్ '@' సబ్‌వాల్యూమ్‌ను మాత్రమే పడుతుంది. వెనక్కి వెళ్లినప్పుడు /లిబ్/మాడ్యూల్స్‌లో పాత కర్నెల్ మాడ్యూళ్లు వస్తాయి, /బూట్‌లో మాత్రం కొత్త కర్నెలే మిగులుతుంది. ఆ రెండిటికీ పొత్తు కుదరదు. సిస్టమ్ లేచినా వైఫై ఉండదు, యూఎస్‌బీ పనిచేయదు, ఒక్కోసారి కీబోర్డు కూడా. 'యూనేమ్ -ఆర్' చూపే సంఖ్య /లిబ్/మాడ్యూల్స్‌లో ఫోల్డర్‌గా లేకపోతే ఇదే రోగం. డెబియన్ కుటుంబంలో గ్రబ్ నుంచి పాత కర్నెల్ ఎంచుకుంటే గట్టెక్కుతారు. ఆర్చ్‌లో లైవ్ యూఎస్‌బీ నుంచి ఆర్చ్-క్రూట్ చేసి (డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లి) కర్నెల్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఇలాంటి అమరిక ఉన్నవాళ్లు అప్‌డేట్‌కు ముందు /బూట్‌ను రూట్ లోపల ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసే ప్యాక్‌మన్ హుక్ పెట్టుకోవడం మేలు.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లోనే రెండో గుంట ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఫైలు). అందులో రూట్ లైనులో 'సబ్‌వాల్ఐడీ=256' లాంటిది ఉంటే ముందే తీసేసి, 'సబ్‌వాల్=/@' మాత్రం ఉంచండి. రిస్టోర్‌లో '@' పేరుతో కొత్త సబ్‌వాల్యూమ్ పుడుతుంది. పేరు అదే, సంఖ్య మాత్రం కొత్తది. పాత సంఖ్యతో మౌంట్ చేయబోతే రెండూ సరిపోలక బూట్ ఆగిపోతుంది.

బూట్‌లోడరే చెడితే స్నాప్‌షాట్ దాకా చేరే దారే ఉండదు. 2022 ఆగస్టులో ఆర్చ్ కుటుంబంలో వచ్చిన గ్రబ్ అప్‌డేట్ ఇందుకు ఉదాహరణ. కొత్త ప్యాకేజీ తయారుచేసిన మెనూ ఫైలులోని ఆజ్ఞ, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉన్న పాత గ్రబ్‌కు అర్థం కాలేదు. చాలా సిస్టమ్‌లు నేరుగా ఫర్మ్‌వేర్ సెట్టింగులకే వెళ్లి కూర్చున్నాయి. లైవ్ యూఎస్‌బీ నుంచి క్రూట్ చేసి 'గ్రబ్-ఇన్‌స్టాల్', 'గ్రబ్-ఎంకేకాన్ఫిగ్' రెండూ నడిపితేనే తీరింది. గ్రబ్ మెనూలోనే స్నాప్‌షాట్లు చూపించే గ్రబ్-బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చక్కటి జత. దాని సర్వీస్‌కు '--టైమ్‌షిఫ్ట్-ఆటో' అని చేర్చాలి. కానీ ఇలాంటి రోజున అదీ నిస్సహాయమే. టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్లు రాయదగ్గవి కూడా. మెనూ నుంచి ఒకదానిలోకి బూట్ అయి ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తే ఆ స్నాప్‌షాటే మారిపోతుంది. లోపలికి వెళ్లగానే రిస్టోర్ చేసి బయటపడాలి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు దీని పరిధి కాదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే ఎఫ్‌డబ్ల్యూయూపీడీ ద్వారా బయోస్ మారితే రిస్టోర్‌తో వెనక్కి రాదు.

వెనక్కి వచ్చాక ఎదురయ్యేవి

రిస్టోర్ తర్వాత లాగిన్ పాస్‌వర్డ్ తప్పంటే కంగారుపడొద్దు. పాస్‌వర్డ్‌లుండే /ఈటీసీ/షాడో కూడా పాత తేదీకి వెళ్లింది. స్నాప్‌షాట్ తర్వాత పాస్‌వర్డ్ మార్చి ఉంటే ఇప్పుడు పాతదే పనిచేస్తుంది. కీరింగ్ (దాచిన పాస్‌వర్డ్‌ల పెట్టె) మాత్రం హోమ్‌లో ఉంది కనుక కొత్త పాస్‌వర్డే అడుగుతుంది. రెండూ గుర్తుండాలి! ఆ మధ్యలో సృష్టించిన యూజర్ ఖాతాలు కూడా ఉండవు, వాళ్ల హోమ్ ఫోల్డర్లు మాత్రం అనాథలుగా మిగులుతాయి.

ఫైర్‌ఫాక్స్ తెరిస్తే, ప్రొఫైల్‌ను కొత్త వెర్షన్ వాడిందని, పాత వెర్షన్‌తో తెరవనని అంటూ కొత్త ప్రొఫైల్ చేసుకోమంటుంది. ఒప్పుకోకుండా మూసేసి, ఫైర్‌ఫాక్స్ ఒక్కదాన్నే అప్‌డేట్ చేయండి, బుక్‌మార్కులన్నీ యథాస్థానంలో ఉంటాయి. డెస్క్‌టాప్ పెద్ద వెర్షన్ మారినప్పుడు, ప్లాస్మా 6 నుంచి 5కు వెళ్లడం లాంటివి, ఇంత సులువు కాదు. హోమ్‌లోని సెట్టింగులు ఇప్పటికే కొత్త రూపంలోకి మారి ఉంటాయి. అందుకే అలాంటి అప్‌గ్రేడ్‌కు ముందు డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌ను విడిగా కాపీ చేసుకోవాలి.

చివరిగా, రిస్టోర్ చేసిన సిస్టమ్‌కు మళ్లీ అవే అప్‌డేట్లు సిద్ధంగా ఉంటాయి. దోషి ఎవరో తేలితే దాన్ని ఆపండి: డెబియన్ కుటుంబంలో 'సుడో ఏపీటీ-మార్క్ హోల్డ్', ఆర్చ్‌లో ప్యాక్‌మన్.కాన్ఫ్‌లో 'ఇగ్నోర్‌పీకేజీ' (IgnorePkg) లైను, ఫెడోరాలో 'డీఎన్‌ఎఫ్ వెర్షన్‌లాక్'. ఆర్చ్‌లో ఒకటి ఆపి మిగతావి లాగడం కూడా ప్రమాదమే, కాబట్టి దాన్ని నాలుగు రోజులకు మించి సాగదీయొద్దు. హోల్డ్ పెట్టిన సంగతి మర్చిపోతే భద్రతా సవరణలు కూడా అందవు. 'ఏపీటీ-మార్క్ షోహోల్డ్' అప్పుడప్పుడూ కొట్టి చూడాలి.

ఎవరికి ఏది

ఓపెన్‌సూసే వాడేవాళ్లకు టైమ్‌షిఫ్ట్ అక్కర్లేదు. అక్కడ స్నాపర్ ప్రతి జిప్పర్ (అక్కడి ప్యాకేజీ మేనేజర్) పనికీ ముందూ వెనకా స్నాప్‌షాట్ తీస్తుంది, గ్రబ్ నుంచే చదవడానికి మాత్రమే వీలైన పాత సిస్టమ్‌లోకి వెళ్లి 'సుడో స్నాపర్ రోల్‌బ్యాక్' అంటే సరి. /బూట్ కూడా ఆ స్నాప్‌షాట్ లోపలే ఉండేలా అమర్చడం వల్ల పైన చెప్పిన కర్నెల్ పేచీ అక్కడ రాదు. ఇంజినీరింగ్ పరంగా అది మెరుగు. ఫెడోరా సిల్వర్‌బ్లూలో 'ఆర్‌పీఎం-ఓస్ట్రీ రోల్‌బ్యాక్' ఉంది. మామూలు ఫెడోరాలో ముందు 'డీఎన్‌ఎఫ్ హిస్టరీ అండూ' ప్రయత్నించండి, అయితే పాత ప్యాకేజీలు రిపాజిటరీలో ఇంకా ఉంటేనే అది నెరవేరుతుంది.

మింట్, ఉబుంటు, డెబియన్‌లను ఈఎక్స్‌టీ4 మీద నడిపేవాళ్లకు మాత్రం టైమ్‌షిఫ్ట్ ఆర్‌సింక్ పద్ధతిని మించింది లేదు. నెమ్మదిగా ఉన్నా మొండిది. /బూట్ విడిగా మౌంట్ అయి ఉన్నా దాన్ని కూడా కాపీలో చేర్చుకుంటుంది. విండో అందంగా ఉండదు, లాగ్‌లు /వార్/లాగ్/టైమ్‌షిఫ్ట్‌లో వెతుక్కోవాలి, క్రాన్ ఆగిపోతే నోరెత్తదు. ఇవి తీర్చాల్సిన లోపాలే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లు మాత్రం ఎఫ్‌ఎస్‌ట్యాబ్, /బూట్ రెండూ సరిచూసుకుని, అంతా బాగున్న రోజునే ఒక రిస్టోర్ చేసి చూడండి. రీబూట్‌తో కలిపి ఐదు నిమిషాలు పడుతుంది. వెనక్కి రావడానికి అది తీసిన స్నాప్‌షాట్ ఉండనే ఉంటుంది.